చెరువులో దొరికిన బంతికి ఏ రూలు?

ఆదివారం పొద్దున మా మెంబర్లు ఆడే గోల్ఫ్‌కీ, టీవీలో కనిపించే గోల్ఫ్‌కీ రూల్ బుక్ ఒక్కటే అంటే మా క్యాడీ షెడ్‌లో నవ్వుతారు. మొదటి టీ మీద కొట్టిన బంతి చెట్లలోకి పోతే మల్లిగన్ అని ఇంకోటి కొడతారు, ముందుది లెక్కలోకి రాదు. గ్రీన్ మీద బంతి హోల్‌కి పుట్టర్ గ్రిప్పంత దూరంలో ఆగితే పక్కవాళ్ళు "ఎత్తేయండి సార్, గిమ్మీ" అంటారు. పందెం పెద్దదైతే ఆ గ్రిప్పు కాస్త పొట్టిదవుతుంది. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే టైమని పుస్తకంలో ఉంది. మెంబరుగారు రఫ్‌లో దిగి వెతుకుతుంటే గడియారం చూసే ధైర్యం ఎవరికుంటుంది? పైగా ముందే ఫెయిర్‌వే పక్కన ఆగేవాలా, అంటే బంతి ఎక్కడ పడుతుందో చూసే కుర్రాడు, నిలబడి ఉంటాడు. బంతి ఎక్కడ పడిందో అతనికి బాగా తెలుసు. ఒక్కోసారి అది పడిన చోటికంటే కాస్త మంచి చోట దొరుకుతుంది కూడా.

ఇవన్నీ నేను బ్యాగు మోస్తూ చూశాను. హైదరాబాద్‌లో స్కూలు వదిలాక క్యాడీగా చేరి, క్యాడీల టోర్నమెంట్లలో పేరొచ్చాక ప్రొఫెషనల్‌గా మారి, కొన్నేళ్ళు మన దేశపు ప్రొఫెషనల్ టూర్ పీజీటీఐ క్వాలిఫైయింగ్‌ల చుట్టూ తిరిగాను. ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను. పొద్దున డాక్టర్లు, వ్యాపారస్తులు, రిటైరైన ఆఫీసర్లు వస్తారు. మధ్యాహ్నం రేంజ్ ఖాళీగా ఉన్నప్పుడు క్యాడీ కుర్రాళ్ళు. ఆ రెండు పూటలా నా నోటినుంచి వచ్చే పాఠం దాదాపు ఒకటే. నేర్చుకునేవాళ్ళకి మాత్రం అది ఒకటే ఆట కాదు.

అందుకే, ప్రొఫెషనల్స్‌కి వేరే రూల్స్, సరదాగా ఆడేవాళ్ళకి వేరే రూల్స్ ఉంటే తప్పేమిటి అన్న వాదన లేచినప్పుడల్లా మెంబర్లు నన్ను పట్టుకుంటారు. సాధారణంగా వినిపించే మాట ఏమిటంటే, ఆడే పద్ధతి అందరికీ ఒకటే ఉంచండి, సామాన్ల విషయంలో మాత్రం ప్రొఫెషనల్స్‌ని కట్టడి చేయండి అని. నేను దీనికి తిరగేసి చెబుతాను. ఆడే పద్ధతిలో ఎన్ని తేడాలైనా పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. బంతి, క్లబ్బు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి.

ఆడే పద్ధతి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది ఎప్పుడో విడిపోయింది. ఒప్పుకోవడానికే మొహమాటం. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఉండే ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ కలిసి రాసే పుస్తకం వెనక స్థానిక నిబంధనల పెద్ద జాబితా ఉంటుంది. ఏ పోటీకి ఏది కావాలో కమిటీ ఏరుకోవచ్చు. అందులో కొన్ని పెద్ద పోటీల కోసమే పుట్టాయి. 2022 నుంచి పుట్టర్ తప్ప మిగతా క్లబ్బుల పొడవు 46 అంగుళాలు దాటకుండా కట్టడి చేసే నిబంధన ఒకటి వచ్చింది. అది పెట్టని చోట 48 అంగుళాల దాకా వెళ్ళొచ్చు. రౌండంతా ఒకే మోడల్ బంతి వాడాలన్న నిబంధన ఇంకొకటి. లేజర్‌తో దూరం కొలుచుకోవడం 2019 నుంచి పుస్తకం ప్రకారం అందరికీ చెల్లుతుంది, పెద్ద టూర్‌లు చాలాకాలం దాన్ని తమ పోటీల్లో ఆపేశాయి. అంటే నా దగ్గర నేర్చుకునే డెంటిస్టుగారు జెండాకి 143 గజాలని కన్నార్పేలోగా తెలుసుకుంటే, టీవీలో ఆడే మహానుభావుడు స్ప్రింక్లర్ మూత దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళేవాడన్నమాట.

ఇటువైపు సడలింపులూ ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది 2019లో వచ్చిన ఒక స్థానిక నిబంధన. బంతి పోయినా, హద్దు దాటినా పుస్తకం ప్రకారం ఒక స్ట్రోక్ పెనాల్టీతో మళ్ళీ వెనక్కి నడిచి, ఇంతకుముందు కొట్టిన చోటినుంచే కొట్టాలి. ఏప్రిల్ ఎండలో, వెనక మూడు గుంపులు కాచుకుని ఉండగా, అరవై ఏళ్ళ మనిషిని రెండొందల గజాలు వెనక్కి నడిపించడం ఏ రకం న్యాయం? కొత్త నిబంధన పెట్టుకున్న క్లబ్బులో రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ వేసుకుని, బంతి పోయిన ప్రాంతానికి పక్కగా ఫెయిర్‌వే అంచున డ్రాప్ చేసి ముందుకి సాగిపోవచ్చు. ఇది పెద్ద పోటీలకి కాదని రాసినవాళ్ళే స్పష్టంగా చెప్పారు. ఇది వేరే రూలు కాకపోతే మరేమిటి? ఎవరి కొంపా మునగలేదు, ఆట పరువూ పోలేదు.

ఇంకో సంగతి. ప్రొఫెషనల్ ఆడే మైదానంలో ఉన్నవేవీ మా దగ్గర ఉండవు. బంతి పొదలోకి పోతే అక్కడ వందమంది ప్రేక్షకులు చూపిస్తారు. గ్రాండ్‌స్టాండ్ అడ్డొస్తే ఉచితంగా డ్రాప్ దొరుకుతుంది. అనుమానం వస్తే చెయ్యెత్తితే రెఫరీ వస్తాడు. బదులుగా కెమెరా వాళ్ళని వదలదు. 2017లో లెక్సీ థాంప్సన్ అనే ప్రొఫెషనల్ క్రీడాకారిణి ఒక మేజర్‌లో, అంటే అతిపెద్ద పోటీల్లో ఒకదానిలో, ముందంజలో ఉండగా, ముందురోజు గ్రీన్ మీద బంతిని కొంచెం తప్పుచోట పెట్టిందని టీవీ చూసిన ఒకరు ఈమెయిల్ పంపారు. నాలుగు స్ట్రోక్‌ల పెనాల్టీ పడి, చివరికి ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. మరుసటి ఏడాది నుంచి అలా బయటివాళ్ళ ఫిర్యాదులు తీసుకోవడం మానేశారు. మా ఆదివారం గుంపులో బంతి పెట్టే తీరుకి ఇలా ఈమెయిళ్ళు వస్తే ఒక్కరికీ స్కోర్‌కార్డు మిగలదు.

ఆట తక్కువ వచ్చినవాడికి కొన్ని స్ట్రోక్‌లు మినహాయించే హ్యాండిక్యాప్ మాట సరేసరి. 18 హ్యాండిక్యాప్ ఆయన, 4 హ్యాండిక్యాప్ ఆయనతో సమానంగా పందెం కాస్తాడు. ప్రొఫెషనల్‌కి ఆ వరం లేదు. టీలు వేరు, హ్యాండిక్యాప్ వేరు, రెఫరీ వేరు. ఇంతదాకా వచ్చాక ఇదంతా ఒకే ఆట అన్న గర్వం మిగలాలంటే ఏదో ఒకటి నిజంగా ఒకటిగా ఉండాలి. క్లబ్బు పొడవులో ఆ కాస్త తేడా వదిలేస్తే, ఆ మిగిలింది చేతిలో ఉన్న క్లబ్బూ, నేలమీద ఉన్న బంతీ.

ఇప్పుడు గొడవంతా ఆ బంతి గురించే. 1980లో అమెరికా పీజీఏ టూర్‌లో సగటు డ్రైవ్ 257 గజాల చుట్టూ ఉండేది. ఈమధ్య అది 300 గజాల అంచుకి వచ్చింది. కుర్రాళ్ళు వ్యాయామం చేస్తున్నారు, డ్రైవర్ల తలకాయలు పెద్దవయ్యాయి, బంతి లోపలి పొరలు మారాయి. మైదానం మాత్రం సాగదు. మాస్టర్స్ జరిగే అగస్టాలో 13వ హోల్ టీని 2023లో 35 గజాలు వెనక్కి జరిపి 545 గజాలు చేశారు. దానికోసం పక్క క్లబ్బు దగ్గర ముందే స్థలం కొనుక్కున్నారు. అలా స్థలం కొనుక్కోగల క్లబ్బులు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

2023 మార్చిలో ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ ఒక ప్రతిపాదన పెట్టాయి. పెద్ద పోటీల్లో ఆడేవాళ్ళకి మాత్రమే దూరం తగ్గే బంతి, మిగతావాళ్ళకి ఇప్పుడున్నదే. కంపెనీలు వద్దన్నాయి, ఆటగాళ్ళు చాలామంది వద్దన్నారు, పీజీఏ టూర్ కూడా జూలైలో ఒప్పుకోలేనని చెప్పింది. డిసెంబరులో నిర్ణయం వెలువడింది. వేరే వేరే బంతులు వద్దంటారా, సరే, అయితే అందరికీ ఒకటే పరీక్ష. యంత్రంతో క్లబ్బుని గంటకి 120 మైళ్ళ వేగంతో తిప్పి బంతి దూరం కొలిచేవారు, ఇక 125 మైళ్ళతో తిప్పుతారు. దూరం హద్దు మాత్రం పాతదే, 317 గజాలు, పైన మూడు గజాల వెసులుబాటు. అప్పుడు చెప్పిన ప్రకారం ప్రొఫెషనల్స్‌కి 2028 నుంచి, మిగతావాళ్ళకి 2030 నుంచి. ప్రొఫెషనల్స్ వేరు రూలు మాకొద్దని పంతం పట్టేసరికి అది అందరి నెత్తినా పడిందని మా మెంబర్లు మండిపడ్డారు.

వాళ్ళని బంతి వేగం, దూరం కొలిచే లాంచ్ మానిటర్ ముందు నిలబెట్టి చూపిస్తాను. ఒక సార్ డ్రైవర్ తిప్పే వేగం 86 మైళ్ళు. బంతి గాల్లో 190 గజాలు వెళ్ళి పడుతుంది. మామూలు ఆటగాళ్ళకి కొత్త బంతితో తగ్గేది 5 గజాలో అంతకంటే తక్కువో అని ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ వాళ్ళే అంచనా ఇచ్చారు. బాగా దూరం కొట్టే ప్రొఫెషనల్‌కి 13 నుంచి 15 గజాలు. నేను ఆ సార్ కొట్టిన పది బంతులూ తెరమీద కలిపి చూపించాను. అన్నిటికంటే ఎడమగా పోయినదానికీ, అన్నిటికంటే కుడిగా పోయినదానికీ మధ్య ఒక టెన్నిస్ కోర్టు పడుతుంది. "సార్, మీకు పోయేది 5 గజాలు కాదు, బంతులు" అన్నాను. ఆయన నవ్వి, "అయినా ఆ అయిదు గజాలు నావి కదయ్యా" అన్నారు. అదీ నిజమే. ఆయన తప్పు చేయలేదు, ఆయన వల్ల ఏ మైదానమూ చిన్నదైపోలేదు. మరి ఆయనకి పాత బంతే ఉంచి, ప్రొఫెషనల్స్‌కి మాత్రం కొత్తది ఇస్తే నాకేంటి నష్టం?

నాకు కాదు, మధ్యాహ్నం వచ్చే కుర్రాళ్ళకి నష్టం.

మన దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫర్లలో ఎంతోమంది క్యాడీ షెడ్‌లోంచీ, గ్రీన్‌కీపర్ల ఇళ్ళలోంచీ వచ్చారు. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్‌కీపర్. ఆ అబ్బాయి అక్కడే చూసి నేర్చుకుని 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, తర్వాత ఇండియన్ ఓపెన్ వరసగా రెండేళ్ళు, 2016లో, 2017లో. దూరం కొట్టే మనిషి కాదు, చిప్పింగ్, పుట్టింగ్‌తోనే నెగ్గుకొచ్చాడు. ఇలాంటివాళ్ళకి మొదటి క్లబ్బు ఎవరో మెంబరు పక్కన పడేసింది. మొదటి బంతి చెరువులోది.

ఆ చెరువు వ్యాపారం గురించి బయటివాళ్ళకి తెలియదు. 2019 పుస్తకంలో దానికి పెనాల్టీ ఏరియా అని పేరు పెట్టారుగానీ మా కుర్రాళ్ళకి అది బంతుల గోదాము. నీళ్ళు తగ్గే ఎండాకాలంలో మోకాటి లోతు బురదలో దిగి కాళ్ళతో తడుముతారు. దొరికినవాటిని సబ్బునీళ్ళలో కడిగి, కోడిగుడ్ల అట్టల్లో రకాలుగా పేరుస్తారు. గీతలు లేనివి ఒక అట్ట, కాస్త అరిగినవి ఒకటి, పసుపుపచ్చగా మారినవి ఇంకొకటి. ఏదో బ్యాంకు లోగో, ఏదో రియల్ ఎస్టేట్ కంపెనీ లోగో ఉన్న బంతులు బోలెడు. మంచివి మళ్ళీ మెంబర్లకే అమ్ముతారు. ఎవరి బంతి వాళ్ళే కొనుక్కున్న సందర్భాలూ లేకపోలేదు. మిగిలినవి తామే ఆడతారు. చాలాకాలం నీళ్ళలో నానిన బంతి దూరం తగ్గిపోతుంది. ఆ లెక్కన బంతి దూరం తగ్గించడం అనే ప్రయోగం మా పిల్లలమీద ఎప్పుడో జరిగిపోయింది.

కొత్త మంచి బంతుల డజను పెట్టె కొనాలంటే ఒక క్యాడీ వారం సంపాదన అందులోకే పోతుంది. మెంబర్లు వాడేది, ప్రొఫెషనల్స్ వాడేది ఒకే రకం బంతి అయినన్నాళ్ళూ ఈ చెరువు మా కుర్రాడి ప్రాక్టీసుకీ, పోటీకీ సరిపోతుంది. రెండు రకాలైతే? మెంబర్లు పోగొట్టేది మామూలు బంతి. పోటీలో కావల్సింది పెద్దవాళ్ళ బంతి. అది ఏ చెరువులోనూ దొరకదు. పైగా కుర్రాడు పదహారేళ్ళకి రాష్ట్రస్థాయి దాటి జాతీయ అమెచ్యూర్ పోటీకి వెళితే ఏ బంతి? 2023 ప్రతిపాదనలో పెద్ద అమెచ్యూర్ పోటీలు కూడా ఉన్నాయి. అంటే గీత ప్రొఫెషనల్ అయ్యే రోజు కాదు, అంతకు చాలా ముందే పడుతుంది. డబ్బున్న ఇంటి పిల్లలకి నాన్నగారు రెండు రకాలూ కొనిస్తారు. క్రికెట్‌లోనూ అంతే, గల్లీలో టెన్నిస్ బంతితో సిక్సర్లు కొట్టిన కుర్రాళ్ళు లెదర్ బంతి, ప్యాడ్లు, గ్లవ్స్ దగ్గరికి వచ్చేసరికి ఎందరు ఆగిపోయారో మన ఊళ్ళలో అందరం చూసినదే.

ఈ నష్టం ఊహ కాదు, నా చేతికి తగిలిన సంగతి. 2010లో గ్రీన్ దగ్గరి దెబ్బలకి వాడే వెడ్జ్‌ల ముఖం మీద ఉండే గాడుల రూలు మారింది. పదునైన అంచులున్న పాత గాడులు రఫ్‌లోంచి కూడా బంతిని గ్రీన్ మీద గట్టిగా ఆపేస్తున్నాయని పెద్ద టూర్‌లలో ఆ ఏడాది నుంచే వాటిని నిలిపేశారు. సరదాగా ఆడేవాళ్ళు పాత క్లబ్బులు కనీసం 2024 దాకా వాడుకోవచ్చన్నారు. బయటికి చూస్తే ఎంతో దయగల ఏర్పాటు. అప్పట్లో ఒక మెంబరు నామీద అభిమానంతో తన వెడ్జ్‌లు రెండు నాకిచ్చారు. అంతకుముందు నా దగ్గరున్నవాటికంటే ఎన్నో రెట్లు మంచివి. వాటితోనే చేతులు అలవాటయ్యాయి. కొత్త షరతు పెట్టిన పోటీకి వెళ్ళినప్పుడు అవి బ్యాగులోంచి తీసేయాల్సి వచ్చింది. అరువు తెచ్చుకున్న వెడ్జ్‌తో బంతి గ్రీన్ మీద పడి ఆగకుండా దొర్లిపోతుంటే, చేతికి ఎక్కిన లెక్కలన్నీ తప్పాయి. ఆ పోటీలో నాతో ఆడినవాళ్ళలో కొత్త వెడ్జ్‌లు కొనుక్కున్నవాళ్ళకి ఆ బాధ లేదు. సరదా ఆటగాడి మీద చూపిన దయకి బిల్లు కట్టింది మధ్యలో ఉన్నవాడు.

రెండు బంతుల కాలం ఒకటి నిజంగానే నడిచింది కూడా. ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ 1952 నుంచి ఒకే పుస్తకం నడిపినా బంతి సైజు దగ్గర రాజీపడలేదు. అమెరికాలో 1.68 అంగుళాల బంతి, ఆర్ అండ్ ఏ కింద ఆడే దేశాల్లో 1.62 అంగుళాల చిన్న బంతి కూడా చెల్లేది. మనదీ ఆర్ అండ్ ఏ వైపే. చిన్న బంతి గాలిని చీల్చుకుని పోయేది. బ్రిటిష్ ఓపెన్‌లో 1974లో పెద్ద బంతి తప్పనిసరి చేశారు, 1990లో చిన్నదాన్ని పూర్తిగా తీసేశారు. మా సీనియర్ క్యాడీ ఒకాయన, ఇప్పుడు లేరు, ఆ రోజుల గురించి చెప్పేవారు. చిన్న బంతికి అలవాటుపడి పెద్ద బంతి పోటీకి వెళితే గ్రీన్ చుట్టూ ఆట మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చేదట. "రెండు బంతులుంటే రెండు చేతులు కావాలి బిడ్డా" అనేవారు.

ఇంత చెప్పాక నా వాదనకి అడ్డుతగిలే మనిషి ఒకరున్నారు, ఆయన గురించీ చెప్పాలి. డెబ్భై దాటిన రిటైర్డ్ ఆఫీసరు. మూడడుగుల పుట్ దగ్గర చేతులు వణికేవి. పొడుగు పుట్టర్ కొనుక్కుని, దాని చివరని పొట్టకి ఆనించి హాయిగా ఆడుకునేవారు. 2011 నుంచి 2013 దాకా కీగన్ బ్రాడ్లీ, వెబ్ సింప్సన్, ఎర్నీ ఎల్స్, ఆడమ్ స్కాట్ ఒకరి వెనక ఒకరు అలా ఒంటికి ఆనించిన పుట్టర్లతో మేజర్లు గెలిచారు. దాంతో 2016 జనవరి 1 నుంచి అలా ఆనించడం అందరికీ నిషేధం. ఆయన నా దగ్గరికి వచ్చి, "ఏమయ్యా కోచ్, నేనేమన్నా యూఎస్ ఓపెన్ ఆడతానా?" అన్నారు. ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. ఆనించడం అనేది సామాను కాదు, ఆడే పద్ధతి. అమ్ముడయ్యేదీ చెరువులో దొరికేదీ కాదు. నా లెక్క ప్రకారం ఆయన్ని వదిలేయాల్సింది. "సార్, మీ గుంపులో ఎవరూ ఏమీ అనరు, అలాగే ఆడండి" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "అప్పుడు నేనాడేది గోల్ఫ్ ఎలా అవుతుందయ్యా?" అన్నారు. గిమ్మీలు తీసుకునే మనిషే, మల్లిగన్ వద్దనని మనిషే. గ్రిప్పుని ఎడమ ముంజేతికి ఆనించి కొట్టే పద్ధతి ఒకటుంది, అది రూలుకి లోబడే ఉంటుంది. పుట్టర్ కొంచెం కోయించి అదే నేర్పించాను. వణుకు పూర్తిగా పోలేదు, అయినా ఈ మధ్య క్లబ్బు నెలవారీ పోటీ మంత్లీ మెడల్‌లో కార్డు సంతకం పెట్టి ఇచ్చారు. రూల్స్ సడలించమని మెంబర్ల తరఫున వాదించే పెద్దమనుషులు ఇలాంటివాళ్ళని ఎప్పుడైనా అడిగారా అని నాకు అనుమానం.

కాబట్టి ఒకటే బంతి అన్న డిసెంబరు నిర్ణయం నాకు సమ్మతమే, దానివల్ల మా సార్లకి అయిదు గజాలు పోయినా సరే. చిక్కల్లా మధ్యకాలంతోనే. అప్పుడు చెప్పినట్టు ప్రొఫెషనల్స్‌కి ఒక తేదీ, మిగతావాళ్ళకి ఇంకో తేదీ అంటే ఆ మధ్య రెండేళ్ళూ మళ్ళీ రెండు బంతులే. ఆ తర్వాత కూడా మా నీళ్ళలోంచి పాత బంతులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి. బంతి ఏ ఏడాదిదో గుర్తుపట్టాలంటే పక్కన రాసిన మోడల్ పేరు, దానికి అటూ ఇటూ ఉండే బాణాలు, చుక్కలు చూడాలి. చెల్లే బంతుల జాబితాలో కూడా అవే గుర్తులు రాసి ఉంటాయి. ఇప్పటినుంచే కుర్రాళ్ళకి అది చదవడం నేర్పిస్తున్నాను. కోడిగుడ్ల అట్టలు పోటీకి వేరు, ప్రాక్టీసుకి వేరు చేయమన్నాను. ఆ రెండేళ్ళూ పోటీలకి వెళ్ళే కుర్రాళ్ళకి కొత్త బంతులు కొనివ్వడానికి తలా కొంత వేసుకోమని మెంబర్లని అడిగాను. ఇద్దరు ముగ్గురు సరేనన్నారు. మిగతావాళ్ళు ఇంకా ఆ 5 గజాల గురించే అడుగుతున్నారు.